ప్లగ్గు తీశాక పది నిమిషాలు

మంగళవారం ఉదయం 8 గంటల 12 నిమిషాలకు, ఒక అపార్ట్‌మెంట్ పార్కింగులో 31వ నంబరు గడిలో ఉన్న తెల్ల ఎలక్ట్రిక్ కారు తలుపు తెరుచుకోలేదు.

కారు యజమాని ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేస్తుంది. వయసు ఇరవై తొమ్మిది. భుజాన సంచి, చేతిలో రిమోట్. రిమోట్ పదకొండుసార్లు నొక్కింది. తర్వాత లిఫ్టు పక్క గోడకు అంటించిన స్టిక్కర్ మీది నంబరుకు ఫోన్ చేసింది. స్టిక్కర్ మీద "ఎలక్ట్రిక్ కార్లు మాత్రమే" అని ఉంది.

8.50కి మెకానిక్ స్కూటర్ మీద వచ్చాడు. కుడి భుజానికి ఒక పెట్టె వేలాడుతోంది. చెవి వెనక పెన్సిల్ ఉంది.

"రిమోట్ నొక్కి చూశారా అండీ?"

"పదకొండుసార్లు."

"పన్నెండోసారి నొక్కలేదేం?"

ఆమె అతని వైపు చూసింది. "జోకులకు వేరే ఛార్జీ ఉందా?"

"లేదండీ. విజిటింగ్ ఛార్జీలో కలిసిపోతాయి."

అతను రిమోట్ తీసుకుని, దాని అడుగున గోటితో నొక్కి, లోపలి నుంచి సన్నటి తాళంచెవి లాగాడు. డ్రైవరు తలుపు తీశాడు.

"దాన్లో తాళంచెవి ఉందా? పద్నాలుగు నెలలుగా ఈ కారు నడుపుతున్నాను. ఎవరూ చెప్పలేదు."

"అందరి రిమోట్లలోనూ ఉంటుందండీ. ఇలా అయ్యేదాకా ఎవరికీ అవసరం పడదు."

బానెట్ ఎత్తి, పెట్టెలోని బూస్టర్ వైర్లు తగిలిస్తూ అతను విషయం చెప్పాడు. ఈ కారులో రెండు బ్యాటరీలుంటాయి. అడుగున పెద్దది, అది చక్రాలు తిప్పుతుంది. ముందు చిన్నది, పన్నెండు వోల్టులది. తలుపులు, లైట్లు, కంప్యూటర్ దాని మీద నడుస్తాయి. పెద్దది నిండుగా ఉన్నా, చిన్నది పడుకుంటే పెద్దదాన్ని లేపేవాళ్ళుండరు.

"మా ఏజెన్సీలోనూ అంతే" అంది ఆమె. "తాళాలు తెచ్చే అటెండర్ రాకపోతే మేనేజరు మెట్ల మీద కూర్చుంటాడు."

తెర వెలిగింది. "స్వాగతం" అంది కారు, ఆడగొంతుతో.

"ఆఁ, స్వాగతం" అంది ఆమె.

అలవాటుగా అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది. మెకానిక్ వైర్లు చుట్టుకుంటూ, విననట్టే ఉన్నాడు.

ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి చూపించింది. నెల కిందట ఒకసారి తెర వెలగక కారు కదలకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన ఎస్టిమేట్. పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి కరెంటు ఇచ్చే కన్వర్టర్ పోయిందని, కొత్తది వెయ్యాలని అందులో ఉంది. రెండు లక్షల ఎనభై నాలుగు వేలు.

"కారు ఎంతకు కొన్నారు?"

"అయిదు లక్షలకు. సెకండ్ హ్యాండ్."

"అంటే సగం కారు మళ్ళీ కొనమంటున్నారు."

"అంత పెట్టలేను. అమ్మేద్దామంటే నా పేషంట్లు ఏడుగురిలో నలుగురి ఇళ్ళకు నేరుగా బస్సు లేదు. మూడుసార్లు లేటయితే మా ఏజెన్సీ పేషంట్లను వేరేవాళ్ళకిచ్చేస్తుంది. ఇవాళ్టితో ఒకటి."

అతను కాగితం మడిచి తిరిగి ఇచ్చాడు. "సాయంత్రం షెడ్డుకు తీసుకురండి. కన్వర్టర్ నిజంగా పోయిందో లేదో చూద్దాం. పోయిందని వాళ్ళు కాగితం మీదే కదా రాశారు."

*

షెడ్డు రేకులది. ఒకసారికి ఒక్క కారు పడుతుంది. వెనక ఒక గది, అందులో మెకానిక్ ఉంటాడు. ముందు ఒక బల్ల, అక్కడ అతని అక్క కూర్చుంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు వస్తుంది, సాయంత్రం అయిదున్నరకు పిల్లల దగ్గరికి వెళ్ళిపోతుంది. ఒక్కో కారుకు చేసిన పని రాసే జాబ్ కార్డులు, బిల్లులు, పిన్నులు ఆమెవి. కారుకు సంబంధించిన కాగితం ఏదైనా ఆ కారు జాబ్ కార్డుకు పిన్ను కొట్టాలన్నది ఆమె పెట్టిన నియమం.

కన్వర్టర్ చూడాలంటే ముందు పెద్ద బ్యాటరీ ప్లగ్గు తియ్యాలి. నారింజ రంగు ప్లగ్గు, అరచేతిలో పడుతుంది. తీసిన చోట ఎర్ర తాళం వేసి, తాళంచెవి పని చేసేవాడి జేబులో ఉంచుకోవాలి. తీగల్లో మిగిలిన కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగాలి. అప్పటిదాకా కారు చుట్టూ నేల మీద గీసిన పసుపు గీత ఎవరూ దాటకూడదు.

"పది నిమిషాలు ఖచ్చితంగానా?" అంది థెరపిస్ట్.

"ఖచ్చితంగా. ఇంతకుముందు కార్ల కంపెనీలో నాతో పనిచేసినతను నాలుగో నిమిషంలో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు ఇప్పటికీ మడవలేడు."

గీత ఇవతల రెండు ప్లాస్టిక్ స్టూళ్ళున్నాయి. అతను వంటింటి టైమర్ తిప్పి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఆమె సంచి మీద ఏజెన్సీ పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. అతను అవి చదివాడు. చదవడం అయ్యాక ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలాయి.

"మీ కుడి భుజం ఎడమదానికంటే పైనుంది" అంది ఆమె.

"పుట్టుకతోనా?"

"కాదు, పెట్టెతో. బూస్టర్ ఎప్పుడూ అటువైపే వేసుకుంటున్నారు. వెనక్కి తిప్పండి. చెవికి ఆనించకుండా. ఊఁ. పదిసార్లు."

అతను తిప్పాడు. ఆరోసారికి టక్‌మని చప్పుడయింది.

"కన్వర్టర్ పోయిందంటారా?" అన్నాడు.

"ఇంకా పోలేదు" అంది ఆమె. "ఇలాగే వాడితే నలభై ఏళ్ళకు పోతుంది. కొత్తది దొరకదు."

బల్ల దగ్గర అక్క తల ఎత్తి చూసి, మళ్ళీ బిల్లు రాసుకుంది.

పది నిమిషాలయ్యాక అతను ఆ భాగం విప్పి చూసి, బిగించి, ప్లగ్గు పెట్టి కారు ఆన్ చేశాడు. మీటర్ 14.2 వోల్టులు చూపించింది. కన్వర్టర్ పనిచేస్తోంది. చిన్న బ్యాటరీ నాలుగేళ్ళది, దానికి మాత్రం ఆయుష్షు తీరింది. కొత్తది ఏడు వేల రెండు వందలు.

ఆమె బిల్లు రెండుసార్లు చదివింది. "ఇంతేనా?"

"ఇంకా కావాలంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాలండీ."

*

తొమ్మిదో రోజు, గురువారం ఉదయం, కొత్త బ్యాటరీ కూడా పడుకుంది. అతను వెళ్ళి లేపాడు. ఆమె లేటు రెండుకు చేరింది. సాయంత్రం నాలుగింటికి కారు షెడ్డుకు వచ్చింది.

"ఒరేయ్, నీ పన్నెండు వోల్టులు వచ్చింది" అంది అక్క.

"అక్కా, కస్టమర్ అను."

"కస్టమర్లు వస్తే నువ్వు చొక్కా మార్చుకోవుగా."

కొత్త బ్యాటరీ తొమ్మిది రోజుల్లో పోదు. ఎక్కడో కరెంటు కారుతోందేమోనని అతను కొలిచాడు. లేదు. మళ్ళీ ప్లగ్గు తీశాడు, మళ్ళీ పది నిమిషాలు. ఈసారి ఆమె తన పేషంట్ల గురించి చెప్పింది. ఒక దర్జీ తాత ఉన్నాడు. పక్షవాతంలో కుడిచెయ్యి పడిపోయింది. మూడు నెలల్లో కత్తెర పట్టుకోగలిగాడు. ఇప్పుడు పాత దుప్పటి ముక్కలు కత్తిరిస్తున్నాడు.

"నాకు గౌను కుడతానంటున్నాడు. చెయ్యి పూర్తిగా వచ్చాక కుట్టమన్నాను. లేకపోతే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అవుతుంది."

"నా భుజాలకు సరిపోతుంది" అన్నాడు మెకానిక్.

ఆమె నవ్వింది. టైమర్ మోగింది. కన్వర్టర్‌లో ఈసారీ లోపం లేదు. కారు కంప్యూటర్ తనంతట నమోదు చేసుకున్న రెండు నెలల లాగ్ దించుకుంటానని, బ్యాటరీ ఛార్జి చేసి పంపిస్తానని చెప్పాడు.

ఆమె, తర్వాత అక్క వెళ్ళిపోయాక అతను లాగ్ ప్రింటు తీశాడు. పద్దెనిమిది పేజీలు. మూడో పేజీలో పెన్సిల్ తీశాడు.

సాయంత్రం 6.41. కారు ఆగింది. మోటారు ఆఫ్. 6.42. తెర, రేడియో, లోపలి లైటు, ఫ్యాను ఆన్. వేగం సున్నా. డ్రైవరు సీటు: మనిషి ఉన్నారు. పక్క సీటు: ఖాళీ. 8.32. అన్నీ ఆఫ్. డ్రైవరు తలుపు తెరుచుకుంది.

మర్నాడు 6.44 నుంచి 8.29. ఆ మర్నాడు 6.39 నుంచి 8.35. ఆదివారాలు కారు ఎక్కడికీ వెళ్ళలేదు, అయినా సాయంత్రం నాలుగింటి నుంచి ఏడింటి దాకా డ్రైవరు సీటులో మనిషి ఉన్నారు. అరవై రోజులు, అరవై సాయంత్రాలు. పక్క సీటు అరవైసార్లూ ఖాళీ.

కారణం దొరికింది. మోటారు ఆపేసి రేడియో పెట్టుకుంటే పెద్ద బ్యాటరీ నిద్రలో ఉంటుంది. భారమంతా చిన్నదాని మీద పడుతుంది. రోజుకు రెండు గంటలు తీసుకుంటే ఏ చిన్న బ్యాటరీ అయినా కొన్నాళ్ళకు పడుకుంటుంది.

పరిష్కారం కూడా ఉంది. దానికి విప్పాల్సింది, మార్చాల్సింది ఏమీ లేదు. బ్రేకు మీద కాలు ఉంచి స్టార్ట్ బటన్ నొక్కితే పెద్దది మేలుకుని చిన్నదానికి కరెంటు ఇస్తూ ఉంటుంది. అప్పుడు తెల్లారేదాకా కూర్చున్నా ఏమీ కాదు.

అతను ఆ పంక్తుల కింద గీతలు గీశాడు. తల ఎత్తితే గోడ గడియారం 6.50 చూపిస్తోంది. అతను కూర్చున్నది రెండు స్టూళ్ళలో ఒకదాని మీద. రెండోది ఖాళీగా ఉంది.

*

మర్నాడు శుక్రవారం ఆమెకు ఫోన్ చేశాడు. చెప్పాల్సిన మాట ముందే అనుకున్నాడు. 'మీరు సాయంత్రాలు కార్లో కూర్చుంటున్నారు కదండీ' అని మొదలుపెడదామనుకున్నాడు. అది పోలీసు మాటలా ఉంది. 'రేడియో ఎక్కువగా వింటారా' అంటే డాక్టరులా ఉంది. 

"తెలిసిందా?" అంది ఆమె.

"శనివారం ఒకసారి తీసుకురండి. ఇంకోసారి చూద్దాం."

చెప్పకపోవడానికి మాట దొరకకపోవడం ఒక కారణం. రెండో కారణం, చెబితే ఆ కారు మళ్ళీ షెడ్డుకు రావలసిన అవసరం లేదు.

బ్యాటరీ నిండా ఛార్జి చేస్తే ఎనిమిది రోజులు వస్తుందని లెక్క వేశాడు. ఎనిమిదో రోజు లోపల మళ్ళీ పిలిస్తే ఆమెకు మూడో లేటు రాదు. ఆ లెక్క పెన్సిల్‌తో లాగ్ చివరి పేజీ వెనక వేశాడు.

శనివారం మూడింటికి ఆమె వచ్చింది. అతను బ్యాటరీకి ఛార్జర్ తగిలించాడు. తర్వాత ప్లగ్గు తీసి, తాళం వేసి, టైమర్ తిప్పాడు. నాలుగో నిమిషంలో వాన మొదలయింది. రేకుల మీద వాన పడితే ఆ షెడ్డులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"సాయంత్రాలు మీరేం చేస్తారు?" అని అరిచింది.

"బండ్లు చూస్తాను!"

"బండ్లు లేకపోతే?"

"లేవేమా అని చూస్తాను!"

ఆమె నవ్వడం వినపడలేదు, కనపడింది.

"మీరు?" అన్నాడు.

"ఇంటికెళ్ళేసరికే లేటవుతుంది."

"ట్రాఫిక్కా?"

"ఆఁ. ట్రాఫిక్."

చెప్పడానికి అదే సమయం. అతను వాన వైపు చూశాడు. ఆమె అతని భుజం వైపు చూసి, వేలితో గాలిలో వెనక్కి సున్నా చుట్టింది. అతను భుజం తిప్పాడు. టైమర్ మోగింది కాని వానలో ఇద్దరికీ వినపడలేదు. వాన తగ్గాక లేచారు.

ఆమె వెళ్ళాక అక్క కార్డు నింపుతూ అడిగింది. "ప్లగ్గు తీశాక ఆగిన సమయం, ఇరవై ఆరు నిమిషాలు. అంతే రాయనా?"

"పది రాయి."

"నా గడియారంలో ఇరవై ఆరు. ఇంతకీ చిన్న బ్యాటరీ ఛార్జి చెయ్యడానికి పెద్ద ప్లగ్గు దేనికి తీశావురా?"

"సేఫ్టీకి."

"ఎవరి సేఫ్టీకి?"

అక్క ఇరవై ఆరు అనే రాసింది. బల్ల మీదున్న లాగ్ కాగితాలు కార్డుకు పిన్ను కొట్టింది.

*

ఎనిమిది రోజులు రావలసిన బ్యాటరీ ఆరు రోజులకే పడుకుంది. శుక్రవారం ఉదయం 7.55కి ఆమె మెకానిక్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. అతను ఊరి అవతల ఇంకో కారు కింద ఉన్నాడు. ఫోన్ స్కూటర్ డిక్కీలో ఉంది. 8.20కి ఆమె బస్సెక్కింది. రెండు బస్సులు మారింది.

ఎనిమిదిన్నరకు చేరాల్సిన దర్జీ తాత ఇంటికి 9.40కి చేరింది. తాత ఇంట్లో లేడు, మెట్ల మీద ఉన్నాడు. ఈమె రాలేదని చూడ్డానికి దిగబోయి మూడో మెట్టు మీద జారాడు. లేవలేక గంటసేపు అక్కడే కూర్చున్నాడు. దెబ్బ మణికట్టుకు తగిలింది, కుడిచేతికే.

"కత్తెర పట్టుకున్న చెయ్యేనమ్మా" అన్నాడు. "దుప్పటి ఇంకా సగం ఉంది."

మధ్యాహ్నం రెండింటికి ఏజెన్సీ ఫోన్ చేసింది. మూడో లేటు, ఒక పేషంటుకు దెబ్బ. విచారణ అయ్యేదాకా ఏడుగురు పేషంట్లనూ వేరేవాళ్ళు చూస్తారని చెప్పింది.

మూడింటికి, తమ్ముడు ఇంకా ఊరి అవతలే ఉండటంతో, అక్క బూస్టర్ వేసుకుని పార్కింగుకు వచ్చింది. కారు లేచింది. "స్వాగతం" అంది. ఈసారి ఎవరూ బదులు చెప్పలేదు.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా. శనివారం పెట్టకుండా వెళ్ళిపోయావు" అని అక్క జాబ్ కార్డు ఇచ్చింది.

థెరపిస్ట్ కార్డు తిప్పింది. వెనక పద్దెనిమిది పేజీలున్నాయి. మూడో పేజీ దగ్గర ఆగింది. తర్వాత అన్నీ చదివింది.

"ఈ తేదీ ఏమిటండీ?"

"లాగ్ తీసిన రోజమ్మా. పోయిన వారం, గురువారం."

"ఈ గీతలు?"

"వాడివే. చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని తిరిగేది మా ఇంట్లో వాడొక్కడే."

చివరి పేజీ వెనక లెక్క ఉంది. 'నిండా ఛార్జి: 8 రోజులు. ఆదివారం లోపల పిలవాలి.' దాని కింద రెండు గీతలున్నాయి.

ఆమె సంతకం పెట్టలేదు.

*

4.10కి ఆమె షెడ్డులో ఉంది. కూర్చోలేదు.

"మీకు తెలిసి ఎన్ని రోజులయింది?"

"ఎనిమిది."

"ఎనిమిది రోజులు తెలిసి, ప్లగ్గులు తీసి, తాళాలు వేసి..." కాగితాలు బల్ల మీద పడేసింది. "ఇది కారు గురించా, నా గురించా?"

"కారు గురించేనండీ. కారు మీ గురించి రాసుకుంది."

"చదివి నవ్వుకున్నారా?"

"లేదు."

"మీ అక్కకు చెప్పారా?"

"లేదు. తను పిన్ను కొట్టడమే తప్ప చదవదు."

అక్క బల్ల దగ్గరి నుంచి లేచి, బయట ఏదో పనున్నట్టు వెళ్ళిపోయింది.

"ఏం చెయ్యాలి దీనికి? ఏం మార్చాలి?"

"ఏమీ మార్చక్కర్లేదు. బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కండి. ఎంతసేపైనా కూర్చోవచ్చు."

"అంతేనా?"

"అంతే."

"వాళ్ళు రెండు లక్షల ఎనభై నాలుగు వేలన్నారు. మీరు ఏడు వేల రెండు వందలన్నారు. మూడు లేట్లు, తాత చేతికి దెబ్బ, నా పేషంట్లు వేరేవాళ్ళకు. ఆఖరికి బ్రేకు తొక్కమంటారు."

"ఎనిమిది రోజులు వస్తుందని లెక్క వేశాను. వానకు అద్దాలు మసకబారితే మీరు ఫ్యాను ఎక్కువ పెడతారని లెక్కలో వేసుకోలేదు."

"నేను రెండు గంటలు వానలో అద్దాలు తుడుచుకుంటూ కూర్చుంటానని మీరు లెక్కలో వేసుకోవాలా? నాకు ఒక్క ఫోన్ చేస్తే పోయేది."

"చేశానండీ. మాట రాలేదు."

ఆమె డబ్బు బల్ల మీద పెట్టింది. అతను వద్దన్నాడు. ఆమె తియ్యలేదు. కారెక్కి, బ్రేకు మీద కాలు పెట్టి, బటన్ నొక్కి వెళ్ళిపోయింది.

*

ఆ తర్వాత పంతొమ్మిది రోజులు తెల్ల కారు షెడ్డుకు రాలేదు. చిన్న బ్యాటరీ పడుకున్నట్టు ఫోన్ కూడా రాలేదు.

మొదటి సోమవారం ఉదయం మెకానిక్ ఒక జాబ్ కార్డు తనే నింపాడు. అక్కను అడగకుండా కార్డు ముట్టుకోవడం అదే మొదటిసారి. లోపం అన్న గడిలో ఇలా రాశాడు: 'కారులో లేదు.' కారణం అన్న గడిలో: 'అంతకుముందు వారం గురువారమే తెలిసింది. మెకానిక్ యజమానికి చెప్పలేదు. చెప్పి ఉంటే శుక్రవారం కారు ఆగేది కాదు. ఆలస్యానికి బాధ్యత మెకానిక్‌ది.' తెలిసిన సంగతి ఏమిటో రాయలేదు. సాయంత్రాల గురించి, సీటు గురించి ఒక్క మాట రాయలేదు. కింద సంతకం, తేదీ వేశాడు.

అక్క చదివింది. ఆ కార్డు మాత్రం చదివింది.

"ఇది బయటపడితే రేపు నీ దగ్గరికి కారు ఎవరు తెస్తారురా?"

"తెలీదు."

"పోనీ, ఒక కాపీ ఉంచుకో" అని కాపీ తీసి, పిన్ను కొట్టి పెట్టింది.

ఆమె సంచి మీద చదివిన ఏజెన్సీకి అతను ఆ కార్డు తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. రసీదు తీసుకున్నాడు. ఈ సంగతి ఆమెకు ఫోన్ చేసి చెప్పలేదు.

ఆ పంతొమ్మిది రోజుల్లో షెడ్డుకు పద్నాలుగు కార్లు వచ్చాయి. వాటిలో ఆరు కార్లకు ప్లగ్గు తీశాడు. పది నిమిషాలు ఒక స్టూలు మీద కూర్చున్నాడు. రెండోదాని మీద బూస్టర్ పెట్టలేదు, చొక్కా వెయ్యలేదు. ఒక కస్టమర్ కూర్చోబోతే లోపలి నుంచి కుర్చీ తెచ్చి ఇచ్చాడు.

"భుజం తిప్పుకుంటున్నావెందుకు ఒక్కడివే?" అంది అక్క.

"ఎక్సర్‌సైజు."

"నిన్ను చూస్తే గాలి పోయిన గాలిపంపులా ఉన్నావు. ఫోన్ చెయ్యొచ్చుగా."

"నేను చేస్తే మళ్ళీ కారు గురించే మాట్లాడతానక్కా."

థెరపిస్ట్ ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంది. సాయంత్రాలు పార్కింగుకు దిగింది. బ్రేకు మీద కాలు పెట్టి బటన్ నొక్కింది. బ్యాటరీ పడుకోలేదు. రేడియోలో రోజూ ఉండే గొంతులే, కారులో తనొక్కతే.

దర్జీ తాత దగ్గరికి ఏజెన్సీ వేరే థెరపిస్టును పంపింది. తాత చెయ్యి జేబులో పెట్టుకున్నాడు, తియ్యలేదు. "ఆ అమ్మాయి కారు బాగయ్యేదాకా నా చెయ్యి కూడా బాగవదు, వెళ్ళు నాయనా" అన్నాడు. అదే మాట ఏజెన్సీకి రాసి పంపమన్నాడు. ఎడమచేత్తో వేలిముద్ర వేశాడు.

పద్దెనిమిదో రోజు ఏజెన్సీ నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. మూడో లేటు కొట్టేశారు. పేషంట్లను గురువారం నుంచి తిరిగి ఇస్తున్నారు. ఉత్తరం వెనక ఒక జాబ్ కార్డు కాపీ ఉంది. ఆమె అది రెండుసార్లు చదివింది.

*

మర్నాడు, బుధవారం సాయంత్రం అయిదున్నరకు అక్క సంచి సర్దుకుంటుండగా తెల్ల కారు వచ్చి షెడ్డులో ఆగింది.

అక్క మళ్ళీ కూర్చుంది.

"నువ్వు వెళ్ళక్కా. పిల్లలు ఎదురుచూస్తారు."

"ఏం, నేనుంటే షార్ట్ సర్క్యూట్ అవుతుందా?" అంటూనే లేచింది. వెళుతూ ఆమె దగ్గర ఆగి, "సంతకం ఒకటి బాకీ ఉన్నావమ్మా" అని వెళ్ళిపోయింది.

ఇద్దరూ మిగిలారు.

"కారుకు ఏమయిందండీ?" అన్నాడు.

"ఏమీ కాలేదు."

"తాత చెయ్యి?"

"వాపు దిగింది. రేపు నేను వెళితే జేబులోంచి తీస్తాడట." ఆమె కార్డు కాపీ బల్ల మీద పెట్టింది. "కారణం గడి ఎందుకు పూర్తిగా రాయలేదు?"

"రాశాను కదా. నేను చెప్పలేదని."

"ఏం చెప్పలేదో రాయలేదు."

"అది మీది. నాది మాత్రమే రాశాను."

ఆమె పసుపు గీత దాకా నడిచింది, వెనక్కి వచ్చింది.

"ఒకటి అడుగుతాను. ఆ వాన రోజు ప్లగ్గు తియ్యాల్సిన అవసరం ఉందా?"

"లేదు."

"మరి ఎందుకు తీశారు?"

"పది నిమిషాలు కావాలనిపించింది."

"అడగొచ్చుగా?"

"దానికి కార్డులో గడి లేదండీ."

ఆమె నవ్వు ఆపుకుంది. పూర్తిగా ఆగలేదు. "అయితే ఇప్పుడు తియ్యండి."

"కారు బాగానే ఉందన్నారు."

"ఉంది. తియ్యండి."

అతను చేతి తొడుగులు వేసుకుని ప్లగ్గు తీశాడు. ఎర్ర తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. టైమర్ తిప్పాడు. ఆమె తన స్టూలు మీద కూర్చుంది. అది ఎక్కడుండేదో అక్కడే ఉంది.

"మా అక్క, నేను కలిసి ఉండేవాళ్ళం ఆ ఇంట్లో" అంది. "తనకు ట్రాన్స్‌ఫరయింది. నేను రోజంతా ఏడుగురి చేతులు పట్టుకుంటాను. మాట్లాడుతూనే ఉంటాను. పైకి వెళితే నాలుగు గదులు, నేను. కార్లో అయితే డ్రైవరు ఒక్కరే ఉండటం మామూలే కదా. అక్కడ తప్పుగా అనిపించదు. అందుకని కూర్చునేదాన్ని."

"నేనూ ఇక్కడే కూర్చుంటాను" అన్నాడు. "6.41కి. మీ లాగ్ చదివిన రోజు నుంచి గడియారం చూస్తున్నాను."

"చూసి?"

"ఇప్పుడు కారు ఆపి ఉంటారు అనుకుంటాను. 8.32కి, ఇప్పుడు పైకి వెళ్ళి ఉంటారు అనుకుంటాను. తర్వాత నేనూ లోపలికి వెళతాను."

"పంతొమ్మిది రోజులూనా?"

"రోజూ."

"నేను మీకు అవసరమా, నా కారా? సూటిగా చెప్పండి. వేరే ఛార్జీ అయినా సరే."

"మీరే" అన్నాడు. "కారు లేకపోయినా. బస్సులో వచ్చినా."

"రెండు బస్సులు మారాలి."

"నేను స్కూటర్ మీద ఎదురొస్తాను."

"పెట్టె ఎడమ భుజానికి వేసుకుంటేనే."

టైమర్ మోగింది. వాన లేదు, ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ లేవలేదు. కొంతసేపటికి ఆమె చెయ్యి చాపింది. అతను చొక్కా జేబులోంచి ఎర్ర తాళంచెవి తీసి చూపించాడు. "ఇది ఇవ్వకూడదండీ. పని చేసేవాడి దగ్గరే ఉండాలని రూలు."

"తాళంచెవి ఎవరడిగారు?" అంది ఆమె. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అతను తాళంచెవి జేబులో వేసుకుని, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

*

మర్నాడు గురువారం 8.30కి థెరపిస్ట్ దర్జీ తాత ఇంట్లో ఉంది. ఏజెన్సీ రిజిస్టరులో ఆ సమయం ఉంది.

కారు తర్వాతి సర్వీసు రెండు నెలలకు జరిగింది. లాగ్ ప్రింటు తీశారు. అక్క దాన్ని జాబ్ కార్డుకు పిన్ను కొట్టింది. యజమాని సంతకాలు రెండు చోట్ల ఉన్నాయి, పాత బాకీతో కలిపి. కార్డులో అక్క కొత్తగా ఒక గడి గీసింది. 'ఊరికే ఆగిన సమయం' అని పేరు పెట్టింది.

లాగ్‌లో ఆమె షెడ్డుకు తిరిగొచ్చిన బుధవారం వివరాలు మొదటి పేజీలో ఉన్నాయి. సాయంత్రం 6.41. బ్రేకు నొక్కారు, కారు ఆన్. వేగం సున్నా. రేడియో ఆఫ్. చిన్న బ్యాటరీ 14.2 వోల్టులు. డ్రైవరు సీటు: మనిషి ఉన్నారు. 6.43. పక్క తలుపు తెరుచుకుంది, మూసుకుంది.

పక్క సీటు: మనిషి ఉన్నారు.